మొదటి నోట్ ఎవరు రాస్తారు? లండన్ కలోనియల్ ఆఫీసు మెట్ల కథ (ప్రసంగ పాఠం)

అందరికీ నమస్కారం. వెనక నిలబడ్డవాళ్లు ముందుకు రండమ్మా, ఇక్కడ కుర్చీలు ఖాళీగానే ఉన్నాయి. ఆఫీసు పద్ధతుల మీద ఏదైనా చెప్పమన్నారు నన్ను. కొత్తగా సెక్షన్లలో చేరినవాళ్లు, గ్రూప్స్‌కి చదువుతున్నవాళ్లు ఎక్కువమంది ఉన్నారని తెలుసు, భోజనాల తర్వాత డిస్ట్రిక్ట్ ఆఫీస్ మాన్యువల్ చదివి వినిపిస్తే సగం హాలు నిద్రపోతుందనీ తెలుసు. అందుకని మాన్యువల్ పక్కనపెట్టి ఒక విచిత్రమైన శాఖను తీసుకున్నాను. సముద్రాల అవతలున్న వలస దేశాల సంగతి చూడ్డానికి బ్రిటన్ లండన్‌లో నడిపిన శాఖ, కలోనియల్ ఆఫీసు. అందులో ఎవరు చేరారు, ఎలా చేరారు, ఏ మెట్టు మీదున్నవాడు ఫైలు మీద ఏం రాయగలిగాడు, ఇదీ ఇవాళ్టి విషయం.

ముందు ఐదు అంకెలు చెబుతాను, రాసుకోండి. 1935లో 372. 1939లో 450. 1943లో 817. 1947లో 1,139. 1954లో 1,661. ఆ ఆఫీసు ఉద్యోగుల లెక్క ఇది. దీన్ని లోకానికి చూపించి నవ్వించినవాడు సిరిల్ నార్త్‌కోట్ పార్కిన్సన్ అనే చరిత్ర ప్రొఫెసర్, సింగపూర్‌లో మలయా విశ్వవిద్యాలయంలో పాఠాలు చెప్పేవాడు. 1955లో ఎకనామిస్ట్ పత్రికలో ఒక వెటకారపు వ్యాసం రాశాడు. పని పెరిగినా తరిగినా, అసలు లేకపోయినా, ఆఫీసులో జనం మాత్రం ఏటా ఐదారు శాతం చొప్పున పెరుగుతూనే ఉంటారని అతని సిద్ధాంతం. యుద్ధంలో మలయా, సింగపూర్, హాంకాంగ్ జపాన్ చేతికి పోయాయి, ఇక్కడ సిబ్బంది పెరిగారు. పోయినవి తిరిగొచ్చాయి, అప్పుడూ పెరిగారు. సామ్రాజ్యం కరగడం మొదలైంది, అయినా పెరిగారు. (నవ్వులు)

నవ్వుకోండి, బాగానే ఉంటుంది. ఈ జోకు మన సెక్రటేరియట్ క్యాంటీన్‌లో కూడా రకరకాల రూపాల్లో తిరుగుతూనే ఉంటుంది. కానీ ఈ అంకెలు చూసి నవ్వి ఊరుకున్నవాళ్లు ఆ ఆఫీసును అర్థం చేసుకోలేదని నా అభిప్రాయం. ఎందుకో చెప్పాలంటే వందేళ్లు వెనక్కి పోవాలి.

పోయేముందు ఒక చిక్కు విప్పేస్తాను, ఎందుకంటే మనవాళ్లలో చాలామంది ఇక్కడే తికమకపడతారు. ఇండియా ఎప్పుడూ కలోనియల్ ఆఫీసు కింద లేదు. 1858లో కంపెనీ పాలన పోయాక మనకోసం విడిగా ఇండియా ఆఫీసు అని పెట్టారు, దానికి వేరే మంత్రి, ఆ మంత్రికి సలహా ఇవ్వడానికి 15 మందితో ఒక కౌన్సిల్. కాబట్టి 1947లో మనం బయటికొచ్చాక కలోనియల్ ఆఫీసుకి ఒక్క ఫైలు కూడా తగ్గలేదు. మూతపడింది ఇండియా ఆఫీసు. ఇంకో సంగతి, ఆ ఇండియా ఆఫీసు ఖర్చంతా మన ఖాతాలోనే. గుమాస్తా జీతం దగ్గర్నుంచి మంత్రి జీతం దాకా భారత ఖజానా నుంచే పోయేది, మంత్రి జీతం బ్రిటన్ ఖజానా మీదికి మారింది 1919 చట్టంతోనే. 1867లో టర్కీ సుల్తాన్ లండన్ వస్తే ఇండియా ఆఫీసు కొత్త భవనంలో పెద్ద విందు, డాన్సు ఏర్పాటు చేశారు. ఆ బిల్లు కూడా మనకే పడింది. గుంటూరు రైతు శిస్తులోంచి ఎంత పోయిందో లెక్క కట్టే ఓపిక ఉన్నవాళ్లు కట్టండి.

మరి తెలుగువాళ్లకీ కలోనియల్ ఆఫీసుకీ సంబంధమే లేదా అంటే, ఉంది. 1830ల నుంచి మారిషస్‌కి, 1860 నుంచి దక్షిణాఫ్రికాలోని నటాల్‌కి, 1903 నుంచి ఫిజీకి మద్రాసు ప్రెసిడెన్సీ కూలీలు వెళ్లారు కదా, వాళ్లలో గోదావరి, విశాఖ జిల్లాల మనుషులు బోలెడంతమంది. 1858 తర్వాతి ఏర్పాటు ఏమిటంటే, ఆ మనిషి మద్రాసు రేవులో ఓడ ఎక్కేదాకా ఇండియా ఆఫీసు ఫైలు, అవతల దిగాక కలోనియల్ ఆఫీసు ఫైలు. రెండు శాఖలూ లండన్‌లో ఒకే భవన సముదాయంలో ఉండేవి, ఒకరి కిటికీలోంచి ఇంకొకరి కిటికీ కనిపించేటంత దగ్గర. అయినా తోటలో కొట్టారనో, జీతం పట్టుకున్నారనో ఫిర్యాదు వస్తే ఈ శాఖ ఆ శాఖకి అధికారికంగా ఉత్తరం రాయాలి, వాళ్లు రిజిస్టర్‌లో ఎక్కించుకోవాలి, నోట్ పెట్టాలి, జవాబు రాయాలి. మీలో ఎవరైనా రెవెన్యూకీ పంచాయతీరాజ్‌కీ మధ్య నలిగిన ఫైలు చూసి ఉంటే ఇక నేను చెప్పక్కర్లేదు.

సరే, మెట్ల దగ్గరికి వద్దాం. 1854 వరకు యుద్ధాలకీ వలస దేశాలకీ కలిపి ఒకే మంత్రి. క్రిమియా యుద్ధం వచ్చి పని మోయలేక విడగొట్టారు. ఆ రోజుల్లో ఆఫీసు డౌనింగ్ స్ట్రీట్‌లో ఒక పాత ఇంట్లో ఉండేది, ప్రధానమంత్రి ఇంటికి కూతవేటు దూరం. అందులో ప్రపంచమంతా పడివున్న డజన్లకొద్దీ దీవులు, రేవులు, దేశాల పాలన. జేమ్స్ స్టీఫెన్ అని ఒకాయన 1836 నుంచి 1847 దాకా శాశ్వత అండర్ సెక్రటరీ, అంటే మంత్రులు మారినా మారని అధికారి, మన లెక్కలో శాఖ కార్యదర్శి. బానిసత్వం రద్దు చేసిన 1833 చట్టం ముసాయిదాని శనివారం మధ్యాహ్నం మొదలుపెట్టి సోమవారం మధ్యాహ్నానికి పూర్తి చేశాడని చెబుతారు. మతనిష్ఠ ఉన్న మనిషి, ఆదివారం పని చేయడు, దానికోసం ఆ నియమం కూడా పక్కనపెట్టాడు. పేరుకే అండర్ సెక్రటరీ, నిజానికి ఈయన ఓవర్ సెక్రటరీ అని గిట్టనివాళ్లు ఎగతాళి చేసేవాళ్లు. రచయిత్రి వర్జీనియా వుల్ఫ్‌కి ఈయన తాత, అది వేరే కథ.

ఎగతాళి అలా ఉంచండి, అసలు ఆయన ఒక్కడే ఎందుకు అంత మోయాల్సి వచ్చింది? కింద మనుషులు లేక కాదు. గుమాస్తాలున్నారు, సీనియర్లు, జూనియర్లు అని మెట్లూ ఉన్నాయి. కానీ చేరడం ఎలా? సిఫారసు. లార్డుగారి మేనల్లుడు, బిషప్‌గారి మూడో కొడుకు. చేరాక చేసే పని ఏమిటి? నకళ్లు రాయడం. పొద్దున్నుంచి సాయంత్రం దాకా వచ్చిన ఉత్తరానికీ పోయే ఉత్తరానికీ కాపీ తీయడం. ఇరవయ్యేళ్లు కాపీలు తీసిన మనిషిని సీనియారిటీ ప్రకారం ఒక రోజు పై కుర్చీలో కూర్చోబెట్టి "జమైకా మీద నీ అభిప్రాయం ఏమిటి" అంటే ఏం చెబుతాడు పాపం? స్టీఫెన్ రిటైరయ్యాక తన పాత సహోద్యోగుల గురించి చాలా కటువుగా రాశాడు. తెలివైనవాళ్లు చాలా కొద్దిమంది, చెప్పిన పని చేసేవాళ్లు కొందరు, మిగిలిన ఎక్కువమంది ఆఫీసు పనికి ఏమాత్రం పనికిరానివాళ్లు అని. నాకు ఆ గుమాస్తాల మీదే జాలి. ఆలోచించే పని ఒక్కసారి కూడా ఇవ్వకుండా వీళ్లకి ఆలోచన రాదనడం న్యాయం కాదు.

ఈ రోగానికి మందు రాసింది బ్రిటన్ ప్రభుత్వోద్యోగాల తీరు పరిశీలించిన నార్త్‌కోట్, ట్రెవెల్యన్ అనే ఇద్దరు. ఈ నార్త్‌కోట్ వేరు, ఇందాకటి పార్కిన్సన్ వేరు, పరీక్షలో కలిపి రాయకండి. 1854లో వచ్చిన వాళ్ల నివేదిక ఇరవై చిల్లర పేజీలే. సిఫారసులు తీసేసి పోటీ పరీక్ష పెట్టండి, ప్రమోషన్ ప్రతిభను బట్టి ఇవ్వండి, బుర్రతో చేసే పనినీ చేతితో చేసే పనినీ విడదీయండి. ఇవీ ముఖ్యమైన మాటలు. ఈ చార్లెస్ ట్రెవెల్యన్ మనకి బొత్తిగా తెలియనివాడేం కాదు. 1859లో మద్రాసు గవర్నర్‌గా వచ్చాడు, అప్పటి మన కోస్తా, సీమ జిల్లాలకి అతనే దొర. కలకత్తాలో జేమ్స్ విల్సన్ ఆదాయపు పన్ను పెడుతుంటే అది తప్పని బాహాటంగా వ్యతిరేకించి, ఆ అసమ్మతిని పత్రికలకెక్కించాడు. 1860లో వెనక్కి పిలిచేశారు. సర్వీస్ రూల్స్‌కి బాట వేసిన మనిషే రూల్ దాటి ఉద్యోగం పోగొట్టుకున్నాడన్నమాట. (నవ్వులు) ఆ విల్సన్ ఎవరంటే, ఎకనామిస్ట్ పత్రిక పెట్టినవాడు. ట్రెవెల్యన్‌ని మరీ ఆకాశానికెత్తకండి, అంతకుముందు ఐర్లండ్ కరువులో లండన్ ఖజానా నుంచి అతను చూపిన పిసినారితనాన్ని ఐరిష్‌వాళ్లు ఇప్పటికీ క్షమించలేదు.

నివేదిక వచ్చినంత మాత్రాన అమలైపోతుందా? 1870 దాకా పట్టింది బహిరంగ పోటీ ఉత్తర్వు రావడానికి. కలోనియల్ ఆఫీసుకి పరీక్ష రాసి వచ్చినవాళ్లు 1877 ప్రాంతంలో గానీ కనిపించరు. ఈలోగా 1876లో ప్లేఫెయిర్ కమిషన్ సిఫారసు మీద గుమాస్తాలని రెండు వర్గాలు చేశారు. పై డివిజన్, కింది డివిజన్. ఎక్కడో విన్నట్టుందా? మన యూడీసీ, ఎల్డీసీ, అంటే అప్పర్ డివిజన్, లోయర్ డివిజన్ క్లర్కులు, ఆ కొమ్మకి కాసినవే. మనం తర్వాత సీనియర్ అసిస్టెంట్, జూనియర్ అసిస్టెంట్ అని మార్చుకున్నాం గానీ, ఢిల్లీలో ఇప్పటికీ ఆ పాత పేర్లు వినిపిస్తాయి. తేడా ఒకటుంది, అక్కడ కింది డివిజన్‌లో చేరినవాడు పై డివిజన్‌కి వెళ్లడం దాదాపు అసాధ్యం. మనకి ఎల్డీసీ టెస్టులు పాసై యూడీసీ అవుతాడు. వాళ్లకి అది గోడ. పైవాడు ఆక్స్‌ఫర్డ్, కేంబ్రిడ్జ్ చదువు చదివొచ్చి 22, 23 ఏళ్లకే నోట్ రాస్తాడు, కిందివాడు రిజిస్టర్లు, లెక్కలు, నకళ్లతోనే రిటైరవుతాడు.

ఈ పద్ధతిలో అన్యాయం ఎంతుందో ఫలితం కూడా అంతుంది, రెండూ చెప్పాలి. ఒక ఫైలు ఎలా నడిచేదో చూడండి. మారిషస్ గవర్నర్ దగ్గర్నుంచి డిస్పాచ్, అంటే అధికారిక ఉత్తరం, వచ్చింది. రిజిస్ట్రీలో నంబరు వేశారు, అదే విషయం మీద పాత కాగితాలుంటే వెతికి కింద కట్టారు, పైన ఒక మడత కాగితం పెట్టారు. పూర్వం ఇది తిన్నగా పైకి పోయేది, పైన స్టీఫెన్ లాంటివాడు చదివి ఏం చేయాలో రాసి కిందికి దించితే జూనియర్ కాపీ తీసేవాడు. కొత్త పద్ధతిలో తిరగబడింది. కాగితం ముందు జూనియర్ బల్ల మీదికొస్తుంది. అతను మొత్తం చదివి, గవర్నర్ అడిగింది ఇది, ఇదివరకు ఇలా చేశాం, ఇప్పుడు ఇలా జవాబివ్వొచ్చు అని మొదటి మినిట్, అంటే మన మొదటి నోట్, రాస్తాడు. దాని కింద ప్రిన్సిపల్ క్లర్క్ నాలుగు లైన్లు. దాని కింద అసిస్టెంట్ అండర్ సెక్రటరీ రెండు లైన్లు. శాశ్వత అండర్ సెక్రటరీ "సరే" అని పొడి అక్షరాలు పెడతాడు. మంత్రి దాకా పోతే ఆయన పొడి అక్షరాలు ఒక్కటే. పైకి పోయేకొద్దీ సంతకం బరువు పెరుగుతుంది, రాత తగ్గుతుంది. పాత కాగితాల్లో ఏది కింద కట్టాలి, ఏది వదిలేయాలి, గవర్నర్ రాసిన పది పేజీల్లో ఏ వాక్యం ఎత్తి చూపాలి, ఇవన్నీ ఆ 25 ఏళ్ల కుర్రాడి చేతిలోనే అయిపోతాయి. పైవాళ్లు కాదనొచ్చు, మార్చొచ్చు, కానీ అతను వేసిన దారిలో నిలబడే మారుస్తారు. రేపు మీరు ఈ-ఆఫీస్‌లో పుటప్ చేసే మొదటి పేరా సంగతీ ఇంతే. మన దగ్గర కొందరు సెక్షన్లలో ఆ మొదటి నోట్ "పైవారి ఆదేశాల నిమిత్తం సమర్పించడమైనది" అని ఒక్క లైనుతో తేల్చేస్తారు. అదంటే నాకు ఒళ్లు మండుతుంది.

ఆ బల్లల దగ్గర కూర్చున్న కుర్రాళ్లు ఎలాంటివాళ్లో ఇద్దరి పేర్లు చెబుతాను. సిడ్నీ వెబ్, సిడ్నీ ఒలివియర్. 1880ల్లో కలోనియల్ ఆఫీసులో పై డివిజన్ క్లర్కులు. ఒలివియర్ 1882 పరీక్షలో మొదటి ర్యాంకు. వెబ్ తండ్రి పెద్ద జమీందారేం కాదు, పాత రోజులైతే గేటు దగ్గరే ఆపేసేవాళ్లు. పగలు సామ్రాజ్యం ఫైళ్లు, సాయంత్రం ఫేబియన్ సొసైటీలో సోషలిజం ఉపన్యాసాలు. ఇవాళైతే కండక్ట్ రూల్స్ కింద మెమో వచ్చేది! తర్వాత ఏమయ్యారంటే, వెబ్ 1891లో రాజీనామా చేసి రాజకీయాల్లోకి పోయి, 1929లో లార్డ్ పాస్‌ఫీల్డ్ పేరుతో అదే కలోనియల్ ఆఫీసుకి మంత్రిగా వచ్చాడు. ఒలివియర్ జమైకా గవర్నరై, 1924లో మొదటి లేబర్ ప్రభుత్వంలో ఇండియా మంత్రి అయ్యాడు, అంటే కొన్నాళ్లు మన నెత్తిన కూర్చున్నాడు.

ఇప్పటిదాకా చెప్పింది లండన్ మెట్లు. వలస దేశాల్లో పనిచేసేవాళ్లది పూర్తిగా వేరే నిచ్చెన, వాళ్ల జీతం ఆ వలస దేశం ఖజానా నుంచే. సిలోన్, హాంకాంగ్, మలయా పోస్టులకి పరీక్ష ఉండేది గానీ ఆఫ్రికా పోస్టులకి లేదు. అక్కడికి మనుషుల్ని ఎంచింది రాల్ఫ్ ఫర్స్ అనే ఒక్క మనిషి, 1910లో ఆ పనిలోకి వచ్చి 1948 దాకా. ఇంటర్వ్యూనే ఆధారం. షేక్‌హ్యాండ్ ఎలా ఇచ్చాడు, సూటిగా చూసి మాట్లాడాడా, స్కూల్లో ఏం ఆటలాడాడు, హెడ్‌మాస్టర్ ఏమన్నాడు. పైగా ఫర్స్‌కి చెవులు సరిగా వినపడవు! అభ్యర్థి మార్కులతో అతనికి పెద్దగా పనిలేదు. 1930లో వారెన్ ఫిషర్ కమిటీ కూర్చుని ఈ ఎంపికను ఒక బోర్డుకి అప్పగించమంది, ముక్కలుముక్కలుగా ఉన్న సర్వీసుల్ని కలిపి ఒకే కలోనియల్ సర్వీస్ చేయమంది. అంత విన్నాక కూడా ఆఫ్రికాకి పరీక్ష పెట్టలేదు. గోల్డ్ కోస్ట్‌లో, అంటే ఇప్పటి ఘనాలో, లక్షమంది మీద మేజిస్ట్రేటుగా కూర్చోబోయే కుర్రాడికి పరీక్ష అక్కర్లేదు, లండన్‌లో అతని ఉత్తరం చదివే కుర్రాడికి కావాలి. నాకు ఇప్పటికీ మింగుడుపడని విషయం ఇది.

ఇప్పుడు పార్కిన్సన్ అంకెలు మళ్లీ తీయండి. 1935లో 372 మంది ఏం చేసేవాళ్లు? ఉత్తరాలకి జవాబులు. ప్రతి వలస దేశమూ తన ఖర్చు తాను పెట్టుకోవాలి, లండన్ ఇచ్చేది చాలా తక్కువ, ఎక్కువగా పర్యవేక్షణే. తర్వాత వెస్టిండీస్‌లో వరసగా సమ్మెలు, కాల్పులు. 1937 ఆగస్టులో మారిషస్‌లో యూనియన్ ఫ్లాక్ చెరుకు తోట దగ్గర కూలీల మీద కాల్పులు జరిగి మనుషులు చచ్చిపోయారు. ఆ కూలీలు ఎవరు? ఇందాక చెప్పిన ఓడల్లో వెళ్లినవాళ్ల పిల్లలు, మనవలు. 1938లో ఆ శాఖలో మొదటిసారి కార్మిక సలహాదారు పోస్టు పుట్టింది, ఆర్డ్ బ్రౌన్ అనే మేజర్ చేరాడు. వందేళ్లుగా కూలీలని ఎగుమతి దిగుమతి చేసిన వ్యవహారంలో కూలీ సంగతి చూడ్డానికి ఒక మనిషి కావాలని అప్పటిదాకా ఎవరికీ తోచలేదు. 1940లో అభివృద్ధి, సంక్షేమ చట్టం, ఏటా 50 లక్షల పౌండ్లు. 1945లో పదేళ్లకి 12 కోట్ల పౌండ్లు. డబ్బు ఇస్తే లెక్క అడగాలి, స్కీము చూడాలి, ఇంజనీరు కావాలి, డాక్టరు కావాలి, బడుల సంగతి తెలిసినవాడు కావాలి. అప్పటిదాకా దేశాల వారీగా ఉన్న సెక్షన్లకి తోడు సబ్జెక్టుల వారీ సెక్షన్లు వచ్చాయి. వలసల్లో పనిచేసి వచ్చినవాళ్లని డిప్యుటేషన్ మీద లండన్‌లో కూర్చోబెట్టారు, ఎందుకంటే అక్కడున్నవాళ్లలో చాలామంది తాము రాసే దేశాన్ని చూసి ఎరగరు.

కాబట్టి 1,661 అనే అంకెలో గాలి కొంత ఉంది, నేను కాదనను, ఒకడు ఇద్దరు సహాయకుల్ని అడిగితే ఆ ముగ్గురూ ఒకరికొకరు పని పుట్టించుకుంటారన్న మాట నిజమే, మనం చూడనిదా. కానీ ఎక్కువ భాగం, అంతకుముందు చేయకుండా వదిలేసిన పని. పార్కిన్సన్ తలలు లెక్కపెట్టాడు, బల్లల మీదికి ఏ కాగితం కొత్తగా వచ్చిందో చూడలేదు. ఇక్కడ సిబ్బందిని కుదించమని రిపోర్టులు రాసేవాళ్లు కూడా సరిగ్గా ఇదే చేస్తారు, పోస్టు ఖాళీగా ఉందా లేదా అని చూస్తారు తప్ప ఆ పోస్టులో మొదటి నోట్ ఇప్పుడెవరు రాస్తున్నారని అడగరు. చాలాచోట్ల అది అవుట్‌సోర్సింగ్ కుర్రాడు రాస్తున్నాడు, పేరు ఫైల్లో ఉండదు.

తర్వాతి కథ త్వరగా అయిపోతుంది. దేశాలు ఒక్కొక్కటే స్వతంత్రమయ్యాయి. 1966లో కలోనియల్ ఆఫీసుని కామన్వెల్త్ శాఖలో కలిపారు, 1968లో అదంతా పోయి విదేశాంగ శాఖలో పడింది. అదే ఏడు ఫుల్టన్ కమిటీ ఈ డివిజన్ల గోడలు కూల్చమంది, కొంత కూలాయి, కొంత పేర్లు మారాయి.

ఏదైనా అడగండి. ఆఁ, చెప్పమ్మా... ఆ శాఖ ఇప్పుడు లేదా అంటున్నావు. శాఖగా లేదు. ఇంకా 14 భూభాగాలున్నాయి వాళ్లకి, జిబ్రాల్టర్, బెర్ముడా, ఫాక్‌లాండ్స్, కేమన్ దీవులు అలాంటివి. విదేశాంగ శాఖలో ఒక డైరెక్టరేట్ చూస్తుంది, ఇతర శాఖలు తలో చెయ్యి వేస్తాయి. గవర్నర్లుగా ఎక్కువగా దౌత్యవేత్తలే వెళ్తారు.

ఇంకెవరు... ఏ గ్రేడ్ వాళ్లని వేస్తారా? మంచి ప్రశ్న. ఊరిని బట్టి. బెర్ముడా లాంటి చోటికి పూర్తికాలపు గవర్నర్ ఉంటాడు. పిట్‌కెయిర్న్ అని ఒక దీవి ఉంది, మొత్తం జనాభా మన అపార్ట్‌మెంట్లో ఒక బ్లాకంత కూడా ఉండదు, యాభై లోపే. దానికి విడిగా గవర్నర్ ఎందుకని న్యూజిలాండ్‌లో ఉండే బ్రిటిష్ హైకమిషనర్‌కే ఆ పదవి అదనపు బాధ్యత. మన ఫుల్ అడిషనల్ చార్జ్ అన్నమాట. ఇక అంటార్కిటిక్ భూభాగం, 17 లక్షల చదరపు కిలోమీటర్లు, అంటే మన దేశంలో సగానికి పైనే, శాశ్వతంగా ఉండే మనిషి ఒక్కడూ లేడు. దాని కమిషనర్ పదవి లండన్‌లో విదేశాంగ శాఖలో ఉన్న ఒక అధికారికే ఇస్తారు, బల్ల దగ్గర్నుంచి లేవకుండానే. టీ వచ్చినట్టుంది, తాగి మాట్లాడుకుందాం.